సూత్ అంటే ఎంత

"బెత్తెడు నేసెనే మాయన్న ఉయ్యాలో
జానెడు నేసెనే మాయన్న ఉయ్యాలో…"

ఆ తర్వాత మూరెడో, బారెడో… యాదికొస్తలేదు బిడ్డా. చిన్నప్పుడు మా ఊర్ల పాడేటోళ్ళం. నువ్వేమో, "అవ్వా, నాయిన సూత్ అంటుండు, నా స్కేలు మీద లేదు, ఎంతుంటది?" అని అడిగితివి. ఆ పాటల బెత్తెడు కంటె చిన్నది లేనే లేదు. పెండ్లయి ఈ కుంఠా నాకాకు వచ్చినంకనే తెలిసింది నాకు, అంత చిన్నదానికి గూడ ఒక పేరుంటదని.

అప్పుడు ఈ అర్రల సగం గుంత మగ్గమే. నేను కొత్త కోడల్ని. మీ తాత గుంతల కూసొని, "ఓయ్, ఆ కట్టె ఒక సూత్ ఇటు జరుపు" అన్నడు. ఈడ మరాఠోళ్ళు నూలును సూత్ అంటరని అప్పుడప్పుడే నేర్చుకుంటున్న గద, ఉరికి పోయి ఒక కండె నూలు తెచ్చి చేతుల పెట్టిన. మా అత్త పడి పడి నవ్వింది. "ఏం కోడలివే, మగ్గానికి మొలతాడు కడ్తవా?" అన్నది.

మీ తాత నవ్వలే. లే, నవ్విండు, కాని అత్త అవుతలికి పోయినంక. నా బొటనేలు పట్టుకొని గణుపు చూపిచ్చిండు. "ఇది అంగుళమనుకో. దీన్ల ఎనిమిదో పాలు సూత్" అని మగ్గం కట్టె మీద మొలతోని గీతలు గీసిండు. అక్షరం ముక్క రాదు నాకప్పుడు. నువ్వు ఒకటో తరగతి పుస్తకం తెచ్చినంకనే గద నేను అ ఆలు దిద్దింది. కాని ఆ గీతలు మాత్రం చదివిన.

అప్పుడు అందరిది అదే కొలత. కట్టెపని చేసే వడ్లాయన సూత్ అంటుండె, మేస్త్రి సూత్ అంటుండె. ఆ కిటికి సలాకలు చూడు, మూడు సూత్‌లవి. మీ తాత అశోక్ చౌక్ కాడ అట్లనే అడిగి తెచ్చిండు. తర్వాత పవర్‌లూములొచ్చె, మగ్గం పీకేస్తిమి. గీతలున్న కట్టె నీళ్ళ పొయ్యిల పోయింది. నేనే పెట్టిన. ఏం బుద్ధి పుట్టిందో నాకు.

నీ స్కేలియ్యి. ఈ చిన్న గీతలు… ఒకటి, రెండు, మూడు. సూత్ అంటే మూడు గీతలు, ఇంకింత. ఆ ఇంకింత కాడ గీత లేదేంది బిడ్డా?

పోయిన ఎండకాలం, మీ తాత మంచాన పడ్డనాడు, నేను అంచుకు కూసున్న. అర్ర నిండ సూడొచ్చినోళ్ళు. "ఓయ్, ఒక సూత్ ఇటు జరుగు" అన్నడు. మీ అమ్మ ముంగట సిగ్గయింది నాకు. ఇంత ముసల్దానికి సిగ్గేంది అంటవు. జరిగిన, కొద్దిగనే, ఆ మూడు గీతలంత. అంతల మీ అమ్మ చాయ గ్లాసులు అందియ్యుమని పిలిచింది. లేచిన. మల్ల వచ్చేసరికి కండ్లు మూసుకున్నడు, ఇంక పలకలే.

ఇప్పుడు మంచమంత నాదే. ఎటంటె అటు జరగొచ్చు.

ఆనాడు చాయ గ్లాసులకని నేను లేవంగ లేవంగ, నాకూ ఆయనకూ నడుమ జాగను కొలిచినట్టు చూసి, అన్నడు గద బిడ్డా…

"సూత్ కాలేదే. ఇంకింత జరుగు."