బండి తెచ్చినోడు

ఒరే జయరావూ, దాని మీదకెక్కకురా! కిక్కు కొట్టకు, నీకు దండమెడతాను. లోపల మీ వొదిన పడుకున్నాది. దిగు. దిగి ఇలాగ అరుగు మీద కూకో.

ఏటలాగ సూస్తావు? బండి బాగవలేదనుకుంటున్నావేటి? అయ్యింది రా. బెమ్మాండంగా అయ్యింది. అదే కదా నా ఖర్మ!

ఊరెల్లి ఇయ్యాలే దిగినావు, నీకేటీ తెల్దు. సెప్తాను, విను.

మీ వొదినకి మతి పోయి రెండేళ్ళయ్యింది కదా. అన్నం తిన్న సంగతి సెయ్యి ఆరేలోపే మర్చిపోద్ది. నన్నయితే ఎప్పుడో మర్చిపోనాది. "ఎవరు బాబూ నివ్వు? మా ఇంట్లో ఎందుకున్నావు?" అంటాది. అద్దెకున్నోడినమ్మా అంటాను. మరేటి సెయ్యను? మొగుడినంటే బెదిరిపోతాది. ఎవడో ముసిలోడొచ్చి నీ మొగుడినంటే ఏ ఆడదైనా ఊరుకుంటాదేటి?

గాని పొద్దు వాలిందా, గేటుకాడికి ఎల్లిపోద్ది. కొండ మీంచి దిగే రోడ్డు కేసి సూస్తాది. "మా ఆయన డూటీ దిగే యేళయ్యింది. బండి సప్పుడు రాలేదేటి?" అని వొచ్చేపోయే వోళ్ళందర్నీ అడుగుతాది. నాను యెనకాలే నిలబడి ఉంటాను. నన్నూ అడుగుతాది రా!

నాకెలాగుంటాది సెప్పు?

అప్పుడొచ్చింది నాకా బుద్ధి. నన్ను మర్చిపోనాది గాని, బండి సప్పుడు మర్చిపోలేదు. ఆ సప్పుడుతోనే వొస్తే? కొండ మీద ఇనపరాయి గనిలో పనిసేసినన్నాళ్ళూ ఆ యెజ్డీ మోటారుసైకిలు మీదే కదా తిరిగినాను. రోడ్డున్న కాడ రోడ్డు, లేని కాడ రాళ్ళ దారి. రాళ్ళకి తగలకుండా సైలెన్సర్లు పైకెత్తి కట్టించుకున్నాను. దానికి గుబ్బల టైర్లేయించుకున్నాను. అలాటి సప్పుడు బచేలి మొత్తానికి ఇంకో బండికి లేదు. మలుపు కాడ వినపడగానే పొయ్యి మీద టీ గిన్నె ఎట్టేసేది మా వరాలు.

ఎప్పుడో అమ్మేసిన ఆ బండే, గీదంలో పాత ఇనుము కొనే కబాడీవోడి దొడ్లో దొరికినప్పుడు నివ్వూ సూసినావు కదా. ఇంజను పట్టేసింది. టేంకీ నిండా తుప్పు. నీ షెడ్డులోనే ఎట్టుకుని, ప్లగ్గు తీసి కిరసనాయిలు పోసి వొగ్గేస్తే వారానికి గాని పిస్టను కదల్లేదు. తుప్పు రాలడానికి టేంకీలో నట్లూ గులకరాళ్ళూ పోసి, సంటిపిల్లని ఊపినట్టు ఇద్దరం ఊపినాం. నివ్వు నవ్వినావు, ఈ వొయసులో మనకిదేటి రా అని. విశాపట్నమంతా తిరిగి పిస్టను తెచ్చినావు. నీ రుణం తీర్సుకోలేను రా.

నివ్వు ఊరెల్లిన మర్నాడు పాయింట్లు సర్దినాను. పెట్రోల్లో ఆయిలు కలిపి పోసి ఒక్క తన్ను తన్నితే, ఓరి నాయనో! లేసింది! నీలంపొగ షెడ్డంతా కమ్మేసింది. ఆ వాసనకి నాకే కళ్ళమ్మట నీళ్ళొచ్చేసినాయి.

నవ్వకు. గెడ్డం గీసుకున్నాను. మీసానికి రంగేసుకున్నాను. పెట్టి అడుగునుంచి ఖాకీ సొక్కా తీసి తొడుక్కున్నాను. పొట్ట కాడ గుండీ పట్టలేదు, వొగ్గేసినాను. ఘాట్ రోడ్డు మలుపు దాకా ఎల్లి, పొద్దు వాలే యేళకి దిగినాను. పెళ్ళిసూపులికి ఎల్లినప్పుడు కూడా గుండె అలాగ కొట్టుకోలేదు రా.

మలుపు కాడే ఇనేసింది! దూరాన్నుంచే కనపడినాది. గేటు తీసుకుని రోడ్డు మీదకి వొచ్చేసినాది, మా పనిమనిషి సన్నే కొంగు పట్టుకున్నా ఆగకుండా. ఆ మొకం, జయరావూ! రెండేళ్ళయ్యింది రా ఆ మొకం సూసి. కొత్త పెళ్ళికూతురే!

ఎదర ఆపినాను. "వరాలూ" అన్నాను.

నన్ను సూళ్ళేదు. నా యెనక రోడ్డు సూసింది. బండి సూసింది. టేంకీ మీద సెయ్యేసింది. "ఇది మా బండే" అంది. అప్పుడు నా మొకం కేసి సూసి, మెల్లిగా అడిగింది. "బండి నివ్వు తెచ్చినావేటి బాబూ? ఆయనేరి?"



"కొండ మీద ఏటయ్యింది? నిజం సెప్పు. మా ఆయనకేటయ్యింది?"

అర్థమయ్యిందా నీకు? నాకప్పుడయ్యింది. నాతో గనిలో పనిసేసిన సన్యాసిరావు రాళ్ళ కింద పడి పోయినప్పుడు, ఆడి బండి ఆడి గుమ్మంలోకి తోసుకొచ్చింది నానే. ఆడి పెళ్ళాం పడిపోతుంటే పట్టుకున్నది మీ వొదినే. ఆ రోజుల్లో అంతే కదరా, మొగుడి బండి ఇంకోడు తెచ్చినాడంటే ఇంక సెప్పక్కర్లేదు. మొగుడిని మర్చిపోనాది గాని, ఆ సంగతి మర్చిపోలేదు!

అక్కడే రోడ్డు మీద కూలబడిపోనాది. గాజులు రాయికేసి కొట్టేసుకున్నాది. "నానేనే వరాలూ! బతికే ఉన్నాను! నన్ను సూడవే!" అని అరిసినాను. అంటే ఏటి సేసిందో తెల్సా? రెండు సేతులూ జోడించి, "నీకు పున్నెముంటాది బాబూ, ఈ యేళప్పుడు ఎటకారమాడకు" అంది.



పోన్లే, తెల్లారేసరికి మర్చిపోద్ది అనుకున్నాను. అన్నీ మర్చిపోద్ది కదా! తెల్లారి లేసింది. బొట్టెట్టుకోలేదు. సన్నే ఎట్టబోతే సెయ్యి తోసేసింది. నా పేరు మర్చిపోద్ది, ఊరు మర్చిపోద్ది, ఇదొక్కటి మాత్రం పట్టేసుకున్నాది. ఆ రోజునుంచి గేటుకాడికి ఎల్లలేదు. ఎవరి కోసం ఎల్తాది?

అందుకే కిక్కు కొట్టొద్దన్నాను. మళ్ళీ ఆ సప్పుడింటే మళ్ళీ పరిగెత్తుకొస్తాది. మళ్ళీ నన్ను సంపుకోవాల, ఆవిడ.

నామీద జాలి పడుతున్నాది రా. ఆయన బండి ఇంటికి సేర్చినావు, సుట్టానివి కాకపోయినా సుట్టం కన్నా ఎక్కువ, పెద్దకార్యం అయ్యేదాకా ఉండు బాబూ అంది. ముందు నాకు ఎట్టి ఆ తర్వాత తాను తింటున్నాది. నలుగురికి అన్నమెట్టాల, ఆయనకి పెసరపప్పు ఇష్టం, బజారుకెల్లి తెచ్చిపెడతావా అని అడిగింది. ఎల్లినాను. బియ్యం, పప్పు, నెయ్యి. నా దినానికి నానే సరుకులు మోసుకొచ్చినాను రా జయరావూ. రేపే. నివ్వూ రా. రాకపోతే ఆవిడ బాధపడతాది.

ఉండు, ఎల్లకు. ఒక మాటున్నాది. ఎవరితోటీ అనకు.

కాపరం సేసినన్నాళ్ళూ నాతో ఒక మంచి మాట ఆడి ఎరగదు కదా మీ వొదిన. ఆయిలు కంపు, అవతలికి పో అనేది. ఇప్పుడు గోడకి జేరబడి ఏడుస్తూ సెప్తున్నాది. నాను రాత్రి డూటీకెల్తే, నా మాసిన సొక్కా తలకింద ఎట్టుకుంటే గాని నిద్రొచ్చేది కాదట. ఆ కంపు లేకపోతే ఇల్లు ఇల్లులాగ ఉండేది కాదట. ఆయనకి ఒక్కసారైనా సెప్పలేదు బాబూ, అని ఏడుస్తున్నాది. నా ఎదరే. నాతోటే!

నాను ఓదార్చాల కదా? ఓదార్చలేదు రా. పక్కన కూకుని, "ఇంకా సెప్పమ్మా, మీ ఆయన గురించి ఇంకా సెప్పు" అని అడుగుతున్నాను.