ఓడమ్మ ఏ దేశపు పిల్ల?

ఓడమ్మని ఎరుగుదురు కదా, మా బర్మా కాలనీ మొదట్లో అట్లు పోసి అమ్మీది. బర్మాలో రంగం, అదే రంగూను నుంచి మనోళ్ళని పంపించీసినప్పుడు ఓడలో పుట్టినాదని దానికా పేరు. దాని అప్ప నర్సయ్యమ్మ, అప్పటికి తొమ్మిదేళ్ళ గుంట. అన్న సన్నాసి మాత్రం బర్మా పిల్లని మనువాడి రంగంలోనే ఉండిపోనాడంట. ఓడమ్మని ఒక్కపాలీ సూడనేదనుకో. ఆయన మొన్న మంచమెక్కి, ఒక్కసారి వొచ్చి కనబడండే అని ఫోన్లో ఏడిసినాడు. అప్పాసెల్లెళ్ళిద్దరూ పాస్‌పోర్టుకి పెట్టినారు.

నర్సయ్యమ్మది బేగి వొచ్చీసినాది. ఓడమ్మది ఆగిపోనాది. ఎక్కడ పుట్టేవమ్మా అని ఆపీసరు అడిగితే, నీళ్ళ మీద బాబూ అన్నాదంట. నవ్వకండి, మరేటంటాది? అయితే ఓడ దిగినప్పుడు మీ నాన్నకిచ్చిన కాయితం తెమ్మన్నాడు. అదెందుకే, ఒద్దే, మానీ అని నర్సయ్యమ్మ బతిమాలినాదంట. ఓడమ్మ వింటేనా? ట్రంకుపెట్టె అడుగునుంచి తీసి అట్టుకెళిపోనాది.

ఏటయ్యిందంటే, కాయితం అంతా ఇంగ్లీసు. ఆపీసరు సదివినాడు, మళ్ళీ సదివినాడు, కళ్ళజోడు తీసీసినాడు. "అమ్మా, మీ అమ్మకి ఓడలో పుట్టిన ఆడపిల్ల మూడోరోజే చనిపోయిందని రాసుంది. ఓడలోనే చనిపోయిన ఇంకొకావిడ బిడ్డని తెచ్చుకున్నారట. ఆవిడ పేరు లేదు. ఏ దేశమో కూడా లేదు" అన్నాడంట. ఓడమ్మ ఒళ్ళోకి సూసుకున్నాది. ఒళ్ళో ఓటు కార్డుంది, రేషను కార్డుంది, మొగుడు సావు కాయితముంది. అరవయ్యేళ్ళ మనిషి, నానెవుల్నో నాకే తెల్దా అనుకుంటా అవన్నీ సంచిలో ఎట్టుకుని లేచినాదంట.

బయటికొచ్చి, మెట్ల మీద కూకున్న నర్సయ్యమ్మని అడిగినాది. "నిజమేనా అప్పా?"

"నిజమేనే."

"నీకు తెలుసా?"

"సూసినాను కదే. మన సెల్లిని గుడ్డలో సుట్టి నీళ్ళలో ఇడిసీసినారు. అమ్మకి పాలు కారిపోతన్నాయి. అవతల నువ్వు గుక్క పట్టీసినావు. అమ్మ నీకాసి ఒక్కపాలి సూసి, లాక్కుని రొమ్ముకెట్టుకున్నాది. మరెవుల్నీ అడగనేదు."

"నన్ను కన్నామెది మన దేశమా, బర్మాయా?"

"లుంగీ కట్టుకున్నాది. ఆ ఓడలో అందరూ లుంగీలే కట్టుకున్నారే!"

నెల్లాళ్ళు అప్పతో మాటాడనేదు సూడండి. అట్ల పెనం ముట్టనేదు. ఈలోగా ఆపీసరు ఊరుకోనేదు, మంచోడు, ఓడ దిగినోళ్ళని ఉంచిన కేంపుది పాత రిజిస్టరు తెప్పించినాడు. అందులో నాయిన ఈ గుంట నా కూతురే, ఇండియా పిల్లే అని వేలిముద్రేసి రాయించీసున్నాడంట. ఆ వేలిముద్ర మీద పని జరిగినాది. తల్లి పేరు ఏం రాయమంటారమ్మా అని ఆపీసరు అడిగితే, ఓడమ్మ "పాలిచ్చినామె పేరు రాయండి బాబూ" అన్నాదంట.

ఇద్దరూ ఇమానమెక్కి ఎల్లినారు. సన్నాసికి సూపు సగమే, అయినా లేచి కూకున్నాడు. ఓడమ్మ మొకం రెండు సేతుల్తో పట్టుకుని తడివి తడివి, "ఓలమ్మా, అచ్చు అమ్మ పోలికే!" అని భోరుమన్నాడంట. నర్సయ్యమ్మ నోరు తెరవబోతే ఓడమ్మ కళ్ళతోనే ఒద్దన్నాది.

నాను ఓడమ్మ తల్లినీ ఎరుగుదును, ఓడమ్మనీ ఎరుగుదును. పోలికుంది బాబూ. ఎలాగొచ్చినాదో నన్నడక్కండి.