పన్నెండో పేరు

"వంద పాయింట్లు బావా. ఒక్క ఆటలో వంద. ఇంకేం కావాలి నీకు?"

"పదకొండు కప్పులు కావాల."

"కప్పు టీమ్ గెలుస్తుంది. వంద మాత్రం చేంబర్లెయిన్ ఒక్కడే కొట్టాడు."

"అదే నాను సెప్తన్నాను. నీవోడు కొట్టుకున్నాడు. నా రస్సెల్ గెలిసినాడు."

యిర్మియా కుర్చీలో వెనక్కి వాలి, ఇంత మూర్ఖుణ్ణి ముప్పై ఏళ్ళుగా ఎలా భరిస్తున్నానా అన్నట్టు చూరు వంక చూశాడు. నూకన్న అదేమీ పట్టనట్టు పళ్ళ సందులో ఇరుక్కున్న ముల్లు తీసుకుంటున్నాడు. ఆ ముల్లు పొద్దున అతనే జంగ్లీఘాట్ నుంచి తెచ్చిన వంజరం చేపది. యిర్మియా గుడికి వెళ్ళి ఆరాధన ముగించుకుని వచ్చేసరికి నూకన్న చేపతో బ్రూక్షాబాద్‌లోని ఈ ఇంటికి చేరుకుంటాడు. యిర్మియా భార్య ఎవాంజలిన్ పులుసు పెడుతుంది. తినేసి వరండాలో కూర్చుని ఇద్దరూ మొదలుపెడతారు. సముద్రం మరీ అల్లకల్లోలంగా ఉంటే తప్ప ఏ ఆదివారమూ ఇది మారదు.

యిర్మియా అండమాన్ విద్యుత్ శాఖలో లైన్‌మన్, నూకన్న సొంత పడవ మీద వేటకు వెళ్ళేవాడు. ఇద్దరూ ఒకే బడిలో, ఒకే బాస్కెట్‌బాల్ జట్టులో ఆడారు. ఆ రోజుల్లో యిర్మియా మేనమామ ఓడలో పనిచేస్తూ ఎక్కణ్ణుంచో అమెరికా ఆటల వీడియో క్యాసెట్ ఒకటి తెచ్చాడు. టేపు అరిగి తెర మీద గీతలు తప్ప ఇంకేమీ కనబడనంత వరకూ దాన్ని చూశారు. అప్పణ్ణుంచీ ఇదే పని. ఇద్దరు ఆటగాళ్ళను జోడీ కట్టడం, ఎవడు గొప్పో తేల్చడం. ఇద్దరూ గొప్పవాళ్ళే అంటే ఒప్పుకోరు, ఒకణ్ణి వదులుకోవలసిందే. మ్యాజిక్ జాన్సనా, లారీ బర్డా అన్నది తేలేలోపు ఇద్దరికీ పెళ్ళిళ్ళయ్యాయి. కోబీ, డంకన్ చెరి ఐదు కప్పులు గెలిచి వీళ్ళను మరింత ఇబ్బంది పెట్టారు. జోర్డన్, లెబ్రాన్ జోడీని మాత్రం ఎవాంజలిన్ ఈ ఇంట్లో నిషేధించింది. క్రితం వానాకాలంలో ఆ గొడవలో ఇద్దరూ పదిహేను రోజులు మాట్లాడుకోలేదు, ఆమెకు చేపా రాలేదు.

ఈ ఆదివారం మాత్రం వాదనలో ఊపు తక్కువగా ఉంది. యిర్మియా ఫోను పిట్టగోడ మీద బోర్లా పెట్టి ఉంది. నాలుగు నిమిషాలకోసారి దాన్ని తిప్పి చూసి మళ్ళీ బోర్లా పెడుతున్నాడు. నూకన్న ఫోను జేబులోనే ఉంది గానీ చెయ్యి కూడా ఆ జేబులోనే ఉంది.

ఇద్దరికీ చెరో కూతురు. యిర్మియా కూతురు షెరిన్, నూకన్న కూతురు బేబీరాణి. ఇద్దరికీ పదిహేడేళ్ళు, ఒకే క్లాసు, ఆరేళ్ళుగా ఒకే కోర్టు. వచ్చే నెల జాతీయ పోటీలకు అండమాన్ నుంచి బాలికల జట్టు ఓడెక్కి చెన్నై వెళ్తుంది. జట్టులో పన్నెండు మందికే చోటు. శుక్రవారం పదకొండు పేర్లు చెప్పిన కోచ్ లోకనాథం సారు, పన్నెండో పేరు కోసం షెరిన్‌నీ బేబీరాణినీ ఆదివారం మూడున్నరకు కోర్టుకు రమ్మన్నాడు. వెళ్ళినవాళ్ళకు సర్టిఫికెట్ వస్తుంది. దాంతో మెయిన్‌లాండ్‌లో మంచి కాలేజీలో స్పోర్ట్స్ కోటా సీటు దొరుకుతుంది. వచ్చే ఏడాదికి ఇద్దరికీ ఈ పోటీ వయసు దాటిపోతుంది.

ఈ సంగతి శుక్రవారం సాయంత్రం నుంచీ ఇద్దరు తండ్రులకూ తెలుసు. ఒకరితో ఒకరు ఒక్క మాటా అనుకోలేదు. వంజరం ధర గురించీ, కరెంటు కోతల గురించీ, అబర్డీన్ బజార్‌లో కొత్తగా పెట్టిన బిర్యానీ కొట్టు గురించీ కూడా మాట్లాడారు గానీ ఇది మాత్రం ఎత్తలేదు.

"సరే, ఇది ఛోడో. ఇంకో జోడీ చెప్పు" అన్నాడు యిర్మియా.

నూకన్న ఆలోచించకుండానే, "మలోన్, స్టాక్‌టన్" అన్నాడు. అని, నాలిక కరుచుకున్నాడు.

అది పాత జోడీయే. మలోన్, స్టాక్‌టన్ ఇద్దరూ యూటా జట్టులో పద్దెనిమిదేళ్ళు కలిసి ఆడారు. బంతి అందించేవాడు స్టాక్‌టన్, బుట్టలో వేసేవాడు మలోన్. ఎంత ఆడినా ఒక్క కప్పూ దక్కలేదు. ఇబ్బందల్లా ఒక్కటే. షెరిన్ బుట్టలో వేసే పిల్ల. మూడు పాయింట్ల గీత బయట నిలబడి చెయ్యెత్తిందంటే చూసేవాళ్ళు ముందే చప్పట్లకు సిద్ధమైపోతారు. బేబీరాణి పొట్టిది, బంతి అందించే పిల్ల. ఎటో చూస్తూ ఇంకెవరికో వేస్తుంది, అది వాళ్ళ చేతిలోకే వచ్చి పడుతుంది.

కాసేపు ఇద్దరూ గేటు బయట పడుకున్న కుక్కను చూశారు.

"స్టాక్‌టన్" అన్నాడు యిర్మియా చివరికి, చాలా మర్యాదగా.

"లేదు లేదు. మలోనే" అన్నాడు నూకన్న, అంతకంటే మర్యాదగా.

"స్టాక్‌టన్ ఇచ్చినన్ని పాస్‌లు ఇప్పటికీ ఎవరూ ఇవ్వలేదు బావా."

"ఇస్తే ఏటయినాది? ఎయ్యాలి గదా. మలోన్ ఏసినాడు."

టీ తీసుకొచ్చిన ఎవాంజలిన్ గుమ్మంలోనే ఆగిపోయింది. ఇరవై ఏళ్ళుగా ఈయన మలోన్ అంటారు, మా అన్నయ్య స్టాక్‌టన్ అంటాడు, ఇవాళ ఇద్దరూ పార్టీలు మారారేంటి అని అడిగింది. ఇద్దరూ ఒకేసారి టీ గ్లాసులకు చెయ్యి చాపారు. ఆమె ఇద్దరి మొహాలూ చూసి, ఇంకేమీ అడగకుండా గడప మీద కూర్చుంది. ఆమె కూడా గడియారం చూస్తూనే ఉంది.

మర్యాద టీ అయ్యేంతవరకే నిలిచింది. యిర్మియాకు లోపల ఉడికిపోతోంది. తన నోటితో స్టాక్‌టన్ పేరు చెప్పడం, కోర్టులో సారు చెవిన పడిపోయినట్టుగా ఉంది అతనికి.

"అంటే, స్టాక్‌టన్ గొప్పవాడే. కానీ పాస్ ఇవ్వడం ఎవరైనా నేర్చుకోవచ్చు. షూటింగ్ అలా కాదు. అది పుట్టుకతో రావాలి."

నూకన్న గ్లాసు కింద పెట్టాడు. "ఎవులైనా నేర్సుకుంటారా?"

"మాటవరసకి అన్నాను."

"అందించినోలు లేపోతే నీ పిల్లకి బాల్ ఎక్కడిది బావా?"

"మనం మాట్లాడుతున్నది మలోన్ గురించి."

"ఆఁ. మలోన్ గురించే."

"మలోన్‌కి పొద్దున నాలుగింటికి లేచి ప్రాక్టీసు. వాళ్ళ నాన్న టార్చి పట్టుకుని నిలబడేవాడు."

"స్టాక్‌టన్ జంగ్లీఘాట్ నుంచి నడిసెల్లీవోడు. ఓల నాన్న ఏటకెల్లిపోతే టార్చి పట్టడానికి ఎవులూ లేరు."

ఎవాంజలిన్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో, బాధపడుతోందో యిర్మియాకు తెలియలేదు.

నిజానికి యిర్మియాకు ఒక సంగతి తెలుసు, ఎవరికీ చెప్పలేదు. క్రితం నెల ప్రాక్టీసు ఆటలో బేబీరాణి కాలు బెణికి పది నిమిషాలు బయట కూర్చుంది. ఆ పది నిమిషాల్లో జట్టంతా సంతలో తప్పిపోయినవాళ్ళలా తిరిగింది. షెరిన్ గీత బయట చెయ్యెత్తి నిలబడే ఉంది. బంతి ఒక్కసారీ ఆమెదాకా రాలేదు. ఆ రోజు ఇంటికొచ్చి, మన పిల్లకు ఇవాళ అదృష్టం బాగాలేదని భార్యతో చెప్పాడు. అదృష్టం కాదని అతనికి అప్పుడే తెలుసు. అయినా తండ్రి కదా, తన పిల్ల ఓడెక్కాలనే రెండు రాత్రులుగా ప్రార్థన చేస్తున్నాడు. ఆ ప్రార్థనలో బేబీరాణి పేరు రాకుండా జాగ్రత్తపడ్డాడు. దేవుడి ముందు కూడా ఆ జోడీని ఎత్తడానికి ధైర్యం చాలలేదు.

ఐదు దాటాక గేటు ముందు స్కూటీ ఆగింది. పిల్లలిద్దరూ ఒకే బండి మీద వచ్చారు. నడిపింది షెరిన్, వెనక బంతి ఒళ్ళో పెట్టుకుని బేబీరాణి. తండ్రులిద్దరూ లేచి నిలబడి, అలా నిలబడ్డందుకు సిగ్గుపడి మళ్ళీ కూర్చున్నారు. పిల్లల మొహాల్లో ఏమీ దొరకలేదు. షెరిన్ కళ్ళు కొంచెం ఎర్రగా ఉన్నాయి. దుమ్మయినా కావచ్చు, రోడ్డు తవ్వుతున్నారు.

"మమ్మీ, పహలే ఖానా. ఆకలి చంపేస్తోంది" అంది షెరిన్.

"అన్నం తర్వాత. సార్ ఏమన్నారు?" అన్నాడు యిర్మియా.

పిల్లలిద్దరూ మెట్ల మీద కూర్చుని వంతులవారీగా చెప్పారు. సారు గంటసేపు ఇద్దరినీ ఆడించాడట. పరుగెత్తించాడట, షూట్ చేయించాడట. చివరికి నెత్తి పట్టుకుని బల్ల మీద కూర్చుండిపోయాడట. మీరు ఆరేళ్ళుగా కలిసి ఆడుతున్నారు, నాకంటే మీకే బాగా తెలుసు అన్నాడట. ఇద్దరికీ చెరో కాయితం ముక్క ఇచ్చి, జట్టుకు ఎవరు ఎక్కువ అవసరమో ఒక్క పేరు రాయండి, ఇద్దరూ వేరే పేర్లు రాస్తే అప్పుడు నేను తేలుస్తాను అన్నాడట. ఒకరు రాసింది ఒకరు చూడకుండా చెరో మూలకూ పంపాడట.

"ఫిర్?" అంది ఎవాంజలిన్.

"రెండిట్లోనూ ఒకే పేరుంది అత్తా. ఆ పేరే సార్ లిస్టులో ఎక్కించీసినారు" అంది బేబీరాణి.

ఏ పేరని ఎవరైనా అడగాలి. ముందు నూకన్నే నోరు తెరిచాడు. అడగలేదు, పొంగిపోయాడు.

"నాకు తెలుసు. నా గుంట షెరిన్ పేరే రాసుంటాది. దానిది ఎన్నపూస మనసు బావా. సిన్నప్పుణ్ణుంచీ అంతే, సేతిలో బిస్కట్టుంటే పక్కోల నోట్లో పెట్టీసీది."

ఈ మంచితనం పందెంలో వెనకబడడం యిర్మియాకు కష్టమనిపించింది. మా షెరిన్ మాత్రం తక్కువ తిందా, అది బేబీ పేరు కాక ఇంకొకటి రాయదు అన్నాడు. నూకన్న తల అడ్డంగా ఊపాడు. పిల్లల్లో ఎవరి మనసు పెద్దదో తేలేలా లేదు. పోయినేడు పిక్నిక్‌లో గొడుగు ఎవరు ఎవరికిచ్చారన్న దాకా వెళ్ళారు. కాసేపటికి ఇద్దరికీ అసలు ప్రశ్నే గుర్తులేకుండా పోయింది.

"ఆగండి ఇద్దరూ" అంది ఎవాంజలిన్. "ఇదీ దాని పేరు రాసి, అదీ దీని పేరు రాస్తే, కాయితాల్లో రెండు పేర్లుండాలి. ఒకటే పేరు ఉందంటున్నారు. అంటే ఒకత్తి తన పేరే రాసుకుంది."

ఇద్దరు తండ్రులూ చెరో కూతురి వైపూ మెల్లగా తిరిగారు. తన పిల్ల గెలిచిందేమోనన్న ఆశ, తన పిల్లే అలా రాసుకుందేమోనన్న భయం, రెండూ ఒకేసారి వచ్చి యిర్మియా గుండెలో కూర్చున్నాయి.

"నానే మావయ్యా" అంది బేబీరాణి. తల వంచలేదు గానీ బంతిని గట్టిగా పట్టుకుంది. "నా పేరే రాసుకున్నాను."

నూకన్న మొహం మాడిపోయింది. ఈ ఇంట్లో అన్నం తిని, ఈ పిల్ల బండెక్కి వెళ్ళి, ఈ పిల్లకే అడ్డుపడడానికి సిగ్గెలా లేకపోయిందని తిట్టడం మొదలుపెట్టాడు. రేపే సారు దగ్గరికెళ్ళి పేరు తీయించేస్తానన్నాడు. బేబీరాణి కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా, రాసింది తప్పని మాత్రం అనలేదు.

యిర్మియా ఆపబోయి కూతురి వంక చూశాడు. ఆ కళ్ళ ఎరుపు రోడ్డు దుమ్ము కాదని ఇప్పుడు తెలిసింది. దారిలో ఎక్కడో బండి ఆపుకుని ఏడ్చి వచ్చి ఉంటుంది. అలా ఏడుస్తున్నప్పుడు వెనక సీటు మీద ఉన్నది కూడా బేబీరాణే.

షెరిన్ లేచి, నూకన్నకూ బేబీరాణికీ మధ్య నిలబడింది.

"దాన్ని తిట్టకు మావయ్యా. అదే బాగా ఆడుతుంది, నేనూ అదే రాశాను. నా మీద జాలిపడి అది నా పేరు రాసుంటే, జిందగీలో మళ్ళీ దానితో ఆడేదాన్ని కాదు."