తలుపున్న గది

వంటింటి వెనక, సగంలో ఆగిపోయిన గది. గోడలు లేచాయి, కప్పు లేదు. వంటింటి గోడ పగలగొట్టిన చోట నీలం టార్పాలిన్ పట్టా వేలాడుతోంది. పని ఒప్పుకున్న మేస్త్రీ చాలా రోజుల తర్వాత తన పార కోసం వచ్చాడు. ఇంటాయన చెల్లెలు, అందరూ వార్డెనమ్మ అని పిలిచే మనిషి, అతణ్ణి ఇటుకల దొంతి దగ్గర పట్టేసింది.

"కూర్చోమని అన్లేదు నిన్ను. నిలబడు. నిలబడి చెప్పు."

"అదేనమ్మా, చెప్తున్నాను కదా. ఇసుక..."

"ఇవాళ ఇసుక. పోయిన నెల సిమెంటు. అంతకుముందు వానలు. దానికి ముందు మీ అత్తగారు పోయారు. మొన్న మళ్ళీ పోయారు. మీ ఆవిడకి ఎంతమంది తల్లులయ్యా?"

"మొన్న పోయింది పెద్దత్తగారండీ. మా మామగారి మొదటి..."

"చాలు. ఇరవయ్యేళ్ళు ఆడపిల్లల హాస్టల్ నడిపాను. ఎవతెది నిజం కడుపునొప్పో, ఎవతె సినిమా కోసం నొప్పి తెచ్చుకుందో గుమ్మంలో మొహం చూసి చెప్పేదాన్ని. నువ్వు నాకొక లెక్కా?"

"వచ్చే వారం స్లాబు వేసేద్దామమ్మా."

"ఏ వచ్చే వారం? ఈ ఏడాదిలోదేనా?"

"మీరలా అంటే నేనేం చెప్పను?"

"హాస్టల్ మూసేసి నా పెట్టె వరండాలో పడేసినప్పుడు మా అన్నయ్య ఏమన్నాడో తెలుసా? చుట్టాలందరినీ కూచోబెట్టి అన్నాడు. 'నా చెల్లెలు ఎక్కడికీ పోదు, నా ఇంట్లోనే దానికో గది కట్టిస్తాను' అని. మా పిన్ని అయితే కళ్ళు తుడుచుకుంది. అలాంటి మనిషి మాట పోగొడుతున్నావు నువ్వు. ఏంటి, నవ్వుతున్నావా?"

"లేదమ్మా. కంట్లో దుమ్ము పడింది."

"పనే జరగని చోట దుమ్మెక్కడిదయ్యా? నేనెక్కడ పడుకుంటున్నానో చూశావా? హాల్లో, టీవీ ముందు. అన్నయ్య వార్తలు చూడటం అయ్యేదాకా కునికిపాట్లు పడుతూ కూచోవాలి. చీర మార్చుకోవాలంటే బాత్రూముకి పోవాలి. నిన్న పక్కింటాయన వచ్చాడు. జ్వరంగా ఉండి ముసుగు తన్ని పడుకున్నాను. పరుపుల మూట అనుకుని చేతిలో సంచీ నా మీద పెట్టాడు. నా మీద!"

"అయ్యో."

"నీ అయ్యో ఎవడిక్కావాలి? కప్పు వెయ్యి."

"అమ్మా, ఒక మాట అడగనా? మీకు వేరే దగ్గరి వాళ్ళెవరూ లేరా? స్నేహితులో, ఎవరో..."

"నీకెందుకు?"

"ఊరికే."

"ఊరికే అడిగే మొహమా అది? ఓహో... ఇదా కథ. ఎవరో ఆపమన్నారు నిన్ను. అవునా? వదినేగా?"

"ఎవరూ అన్లేదమ్మా."

"వదినే. నాకు తెలుసు. మేడ మీద బట్టలు ఆరేస్తోంది, ఏం వినపడదు, చెప్పు. నోట్లో నాలుక లేనట్టు తిరుగుతుంది గానీ, గిన్నె కింద పెట్టే చప్పుడులోనే తెలుస్తుంది దాని మనసు. నేను రెండోసారి వడ్డించుకుంటే చాలు, చూపంతా నా కంచంలోనే."

"అమ్మా, ఆవిణ్ణి అనకండి. పాపం."

"పాపమా! ఏం పెట్టి మేపిందయ్యా నిన్ను?"

"ఆవిడ రోజూ ఫోన్ చేస్తారు నాకు. సారు ఆఫీసుకి వెళ్ళగానే. 'ఎప్పుడొస్తావు మేస్త్రీ, పెద్దమనిషి నడి హాల్లో పడుకుంటోంది. తలుపున్న గది కావాలి ఆవిడకి' అని. లోపల గడియ పెట్టమన్నది కూడా ఆవిడే. మొన్న ఏడ్చారు కూడానూ."

"అబద్ధం."

"నా పిల్లల మీద ఒట్టు."

"వదిన కాకపోతే మరెవరు?"

"నన్నడక్కండి."

"ఎవరయ్యా?"

"మీ ఇంట్లో ఎంతమంది ఉన్నారమ్మా? నేను పేరు చెప్పలేదు. గుర్తుంచుకోండి, నేను చెప్పలేదు."

"అన్నయ్య ఏమన్నాడు? ఉన్నదున్నట్టు చెప్పు."

"వద్దమ్మా."

"చెప్పమన్నానా!"

"'గోడలు లేపి వదిలెయ్. చూసినవాళ్ళకి కడుతున్నట్టు ఉండాలి. కప్పు మాత్రం వెయ్యకు. గది తయారైందంటే అది చచ్చేదాకా కదలదు. ఇంకొన్నాళ్ళు హాల్లో దొర్లితే విసుగెత్తి తనే ఏ ఆశ్రమమో చూసుకుంటుంది' అన్నారు. వాళ్ళ ఆఫీసరు ఇల్లు కట్టే పని నాకిప్పిస్తానన్నారు. నేనూ సంసారం ఉన్నవాణ్ణమ్మా."

"'అది' అన్నాడా? నన్ను?"

"కోపంగా ఏం కాదమ్మా. మామూలుగానే అన్నారు. టీ తాగుతూ. అమ్మా? కూర్చోండి. ఆ ఇటుకల మీద కూర్చోండి కాసేపు."

"ఎవరితోనే చెల్లాయ్, అంత గట్టిగా? వీధి గుమ్మం దాకా వినిపిస్తోంది."

"మేస్త్రీతో... అన్నయ్యా."

"ఓ, దొరికాడా దొర! ఏమయ్యా, సిగ్గులేదూ? మా చెల్లెల్ని ఎన్నాళ్ళు నేల మీద పడుకోబెడతావు?"

"సార్, మీరే కదా..."

"నేనే కదా, ఏంటి? దాని ముందే చెప్పు. నేనే కదా, ఏంటి?"

"ఇసుక, సార్. ఇసుక రాలేదు."

"విన్నావా చెల్లాయ్? ఇసుకట! వీళ్ళ నోట్లోంచి నిజం రావాలంటే పళ్ళు ఊడగొట్టాలి. అన్నట్టు, నీ మొహం అలా పాలిపోయిందేంటి? ఏమన్నా చెప్పాడా నీకు?"

"ఏం చెప్తాడు?"

"ఏదో చెప్పుంటాడు. చూడమ్మా, నా మీద అనుమానం ఏదన్నా ఉంటే ఇప్పుడే అడిగెయ్. అనుమానం పెట్టుకుని ఒకింట్లో ఉండటం నీకూ బాగుండదు, నాకూ బాగుండదు. విషయం నువ్వు పెట్టె సర్దుకునేదాకా రావడం నాకిష్టం లేదు."

"నీ మీద అనుమానమా? నాకు నువ్వు కాక ఇంకెవరున్నారు అన్నయ్యా?"

"మరేం చెప్పాడు?"

"నేను వెళ్ళొస్తానమ్మా, అవతల కూలీలు..."

"నువ్వుండవయ్యా. చెల్లాయ్, నిన్నే అడుగుతున్నాను."

"వదిన... వదిన ఆపమందట అన్నయ్యా."

"అమ్మా!"

"నువ్వు మాట్లాడకు మేస్త్రీ. రోజూ నీకు ఫోన్ చేస్తుందని చెప్పలేదూ ఇప్పుడే? అన్నయ్య గడప దాటగానే చేస్తుందని చెప్పలేదూ? కాదంటే ఆ ఫోన్ తీసి అన్నయ్యకి చూపించు."

"చేస్తారమ్మా, కానీ ఆవిడ చేసేది..."

"చేస్తుందా, చెయ్యదా? ఒక్క మాట చెప్పు."

"చేస్తారు."

"నాకు తెలియకుండా... ఓహో. నాకూ అదే అనుమానం చెల్లాయ్, ఎప్పట్నించో. నువ్వు కళ్ళు తుడుచుకో, నేనున్నానుగా. ఏమేవ్! ఆ బట్టలు అక్కడ పడేసి ఒకసారి కిందికి రా."