జేబెజ్ సైకిలు అరవై మైళ్లు వచ్చిన వైనం

మా కూల్గార్డీ చుట్టుపక్కల బంగారు గనులన్నిటికీ టెలిగ్రాఫు తీగా, దాని వెనకాలే రైలూ వచ్చేసరికి జనానికి సైకిళ్ల పిచ్చి వదిలిపోయింది. ఉత్తరాలు మోసిన ఆ సైకిళ్లు కోళ్లగూళ్ల వెనక తుప్పు పట్టాయి. ఆ రోజుల గుర్తుగా ఒకే ఒక్క సైకిలు టౌన్‌హాలు గోడకు తగిలిస్తామంది ఊరి కమిటీ. ఎవరిదో తేల్చడానికి ఆదివారం మధ్యాహ్నం సెక్రటరీ కార్మోడీ గారు నా హోటలు వరండాలో కూర్చున్నారు. జేబెజ్ ట్రెవిక్ పొద్దున్నే తన బండి నూనె పెట్టి తుడిచి తెచ్చాడు. ఊరు తనని మరిచిపోయిందని అతని బెంగ. ఆ గోడ మీదైనా మిగలాలని ఆశ. నేను బీరు పోస్తూ అంతా విన్నాను.

"గొప్పలు చెప్పుకునే అలవాటు నాకు లేదు సెక్రటరీ గారూ. ఎమూ కొండ గనుల నుంచి ఒక్క కాగితం తెచ్చాను, అంతే. అరవై మైళ్లు. పొద్దున బయల్దేరి సాయంత్రానికి ఇక్కడున్నాను. ఏం కాగితమనుకున్నారు? మా గని దరఖాస్తు! ఎవరిది ముందు ఇక్కడి గనుల ఆఫీసుకు చేరితే గని వాళ్లదే. అవతలివాళ్లు గుర్రం మీద మనిషిని పంపారు. నేను సైకిలెక్కాను. సైకిళ్ల రాజ్యం కదండీ అప్పుడు! మంగలికి సైకిలు, పాదిరీ గారికి సైకిలు, ఒక్క వీధిలో నాలుగు దుకాణాలు, పెళ్లికొడుకును చూడక ముందు అతని సైకిలును చూసేవాళ్లు..."

"కాగితం సంగతి చెప్పవోయ్," అన్నాడు గనివాడు మిక్.

"వస్తున్నా, తొందరపడకు. ఒంటెల బాట పట్టాను. ఒంటెలు తొక్కీ తొక్కీ ఇసుక అరుగులా గట్టిపడిందా, మా సైకిళ్లవాళ్లకు అదే రాజమార్గం. ఇరవయ్యో మైలు దగ్గర ముల్లు దిగి టైరు ఢామ్మంది! పక్కనే ఎనిమిదడుగుల పాము నిద్రపోతోంది. తలా తోకా కలిపి ముడేసి చక్రానికి తొడిగేశాను. తర్వాత ఏమైందో చెప్పుకోండి చూద్దాం? కాసేపటికి దానికి మెలకువొచ్చింది. హడలిపోయి పరుగు లంకించుకుంది! చక్రంలో ఉన్నది ఎక్కడికి పోతుంది? ఇంక నేను తొక్కక్కర్లేదు, కాళ్లు పైన పెట్టుకుని కూర్చున్నాను. దారిలో అది ఓ ఉడుమును మింగింది. దాంతో పొట్ట ఉబ్బి, చక్రం తిరిగినప్పుడల్లా ఓ ఎగురు. ఆ ఎగురు చూసి కంగారూలు సిగ్గుపడి సంచుల్లో పిల్లల కళ్లు మూశాయి!"

"నీళ్లో మరి?" అన్నారు సెక్రటరీ గారు నవ్వాపుకుంటూ.

"అక్కడికే వస్తున్నానండీ! ఎదురుగా ఎండమావి. మనం దగ్గరికి పోతే అది వెనక్కి జరుగుతుంది కదా? నా జోరుకి దానికి జరిగే వ్యవధి చాల్లేదు. సూటిగా అందులోకే దిగిపోయాను, నడుం లోతు నీళ్లు! కడుపారా తాగి ఓ సీసా పట్టుకున్నాను కూడా."

"ఏదీ సీసా?" అన్నాడు మిక్.

"ఎండమావి నీళ్లు నిలవుంటాయట్రా, తెలివితక్కువ దద్దమ్మా? ఆవిరైపోయాయి. చివరికి ఊళ్లోకి ఎప్పుడొచ్చానంటే, ఆఫీసు గుమస్తా ఇంకా పళ్లు తోముకుంటున్నాడు. బయల్దేరిన పొద్దునే వచ్చేశాను!"

"సాయంత్రానికన్నావుగా ఇందాక?" అన్నాడు మిక్.

"అది వినయం కొద్దీ అన్నాను."

వరండా అంతా గొల్లుమంది. మెట్టు మీద టీ తాగుతున్న ఒంటెలు తోలే గుల్ దాద్ మాత్రం నవ్వలేదు. గ్లాసు కింద పెట్టాడు.

"సెక్రటరీ సాబ్, ఆ రోజు ఆ బాటలో నేనూ ఉన్నాను. మనవాడికి సైకిలు తొక్కడం బ్రహ్మాండంగా వచ్చు. ఎక్కడమే రాదు."

జేబెజ్ వంగి, తుడిచిన చక్రాన్నే మళ్లీ తుడవసాగాడు.

"గోడో గుంజో పట్టుకుంటే గానీ ఎక్కలేడు. ఆ మైదానంలో గోడ ఎక్కడుంది? పడిన చోటే కూర్చుని, నా ఒంటెలు వచ్చేదాకా ఎదురుచూసేవాడు. 'గుల్ దాద్ భాయ్!' అని కేక. నా ఒంటె జరీనాను పక్కన నిలబెడితే, దాని మెడ పట్టుకుని ఎక్కి మళ్లీ పోయేవాడు, మళ్లీ పడేవాడు. పదకొండు సార్లు! మూడో రోజు ఊళ్లోకి కలిసే వచ్చాం."

ఈసారి నవ్వు ఆగలేదు. జేబెజ్ ముఖం చిన్నబోయింది. తన బండి హ్యాండిల్ పట్టుకుని లేచాడు. నాకు నిజంగానే జాలేసింది.

"ఆగు," అన్నారు సెక్రటరీ గారు. "గుర్రమతను?"

"నీళ్లు దొరక్క సగంలోనే వెనక్కి తిరిగాడు సాబ్," అన్నాడు గుల్ దాద్. "కాగితం మాత్రం ముందు చేర్చింది వీడే."

"అయితే గోడకు ఈ బండే. దాని పక్కన పెట్టే పలక మీద ఏం రాయించను?"

జేబెజ్ ఛాతీ మళ్లీ పొంగింది. "నా పేరండీ, పెద్దక్షరాలతో!" అన్నాడు. గుల్ దాద్ వైపు ఓరగా చూసి గొంతు తగ్గించాడు. "పోనీ, కింద జరీనా పేరు కూడా."

"కింద కాదు, పైన," అన్నాడు గుల్ దాద్. "అది లేచి నిలబడితేనే నువ్వు ఎక్కావు."