పాండెలె గురించి నాలుగు మంచి మాటలు

బుకారెస్ట్‌లో పత్రికాఫీసులన్నీ ఉండే సరిందార్ వీధి. ప్రభుత్వం కూలిన మర్నాడు, మాజీ హోంమంత్రి పాండెలె సంపాదకుడు జర్నెస్కు గదిలో కూర్చున్నాడు.

"ఎత్తిపొడుపులు తర్వాత, జర్నెస్కూ. సాయంత్రం పేపర్లో నా గురించి ఏం వేస్తున్నావ్?"

"ముందు కాఫీ తాగండి మంత్రిగారూ. అయ్యో, మంత్రిగారు అనకూడదేమో ఇక! తాగండి. వకరేష్తి జైల్లో మీరు నాకు పోయించిన బార్లీ నీళ్ళలా ఉండదులెండి."

"అదీ... పైనుంచి ఒత్తిడి. నీ పత్రిక మూయించింది నేనొక్కణ్ణే కాదు."

"పత్రిక మాట ఎవరెత్తారు? ప్లోయెష్తిలో ప్రూఫులు దిద్దుకునే రోజుల్నించీ చూస్తున్నా. మూయిస్తారు, మళ్ళీ తెరుస్తాను. స్మరాండా సంగతి చెప్పండి."

"నీ భార్య అసలే జబ్బుమనిషి..."

"పోయిందని జైలుకి కబురొస్తే, ఒక్క పూట వదలమన్నాను. మట్టి వేసి వచ్చేస్తానన్నాను."

"ఆ సంగతి నాదాకా రాలేదు."

"వచ్చింది."

"రాలేదంటుంటే!"

"వచ్చింది! 'శవాన్ని పూడ్చడానికి ఎడిటరెందుకు, పార చాలదా' అన్నావు. అని నవ్వావు. నీ సెక్రటరీయే వచ్చి చెప్పి ఏడ్చాడు."

"నాకొద్దు ఈ కాఫీ."

"తాగండి, చల్లారిపోతోంది."

"తప్పే. కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటాను. పదవి పోయింది, ఇక నాకు మిగిలింది పార్టీ ఒక్కటే. చెడ్డగా రాయకు."

"చెడ్డగానా? మిమ్మల్ని పొగిడానండీ."

"పొగిడావా? నువ్వా?"

"మొదటి పేజీలో, ఫోటోతో సహా. పెట్రోలు బావుల్లో మీ పార్టీ పెద్దలు మింగిన లంచాల గురించి మా చెవిన వేస్తూ వచ్చిన మహానుభావులు మీరేనని రాశాను. దేశం మీకు రుణపడి ఉందన్నాను."

"నేనా! నేనెప్పుడు చెప్పాను? నీకెవరు చెప్పారో నాకు తెలియనే తెలీదు!"

"నాకు తెలుసుగా."

"మావాళ్ళు నన్ను బతకనిస్తారా? ఆపించు! మిషన్లు ఆపించు, నీకు దణ్ణం పెడతాను!"

"కింద అమ్ముతున్నారు. ఆ కేకలు వినబడట్లేదూ?"

"ఖండిస్తాను! పచ్చి అబద్ధమంటాను! ఇన్నేళ్ళలో ఒక్క అబద్ధం రాసి ఎరగవు కదయ్యా! నీ శత్రువులు కూడా ఆ మాటే అంటారే!"

"అందుకేగా, ఇదీ నమ్ముతారు."