ఆయిల్ వాల్వు

నంద్యాలలోని మెకానిక్ మామ షెడ్డులో, ఇంజిన్ పట్టేసి కదలని పాత స్పోర్ట్స్ కారు ముందు మామా అల్లుడూ నిలబడి ఉన్నారు.

“ఆయిల్ కూలర్ కాడుండే వాల్వు యాడ మామా?”

“మొన్న రిపేరుకొచ్చినప్పుడు పీకేసినా అల్లుడూ. అది చలిదేశాలోళ్లకు. మన ఎండకు దాంతో పనేముంది?”

“ఆయిల్ కాగినాక కూలర్‌కు మళ్లించేది అదే మామా. అది లేక, కాగిన ఆయిల్ చల్లబడకుండానే ఇంజిన్‌లో తిరిగింది.”

“ఇంజిన్ కాగుతాందని ముందే చెప్పకూడదా?”

“ఆళ్లగడ్డ కాడ వేడి ముల్లు ఎర్రగీత దాటితే ఫోన్ చేస్తి. కారుకు జరమొచ్చింది, మాత్ర మింగించమంటివి.”

“తమాషాకు అంటిలేప్పా. ఇంకో ఇంజిన్ ఎక్కిద్దాం.”

“మా నాయన పదేండ్లు కూర్చోని బిగించిన ఇంజిన్ ఇది. రేపు గుండె ఆపరేషన్‌కు పోయేముందు ఒక్కసారి నడపాలంటాండాడు.”

“బావకు ఏం చెప్తావురా?”

“నువ్వే పోయి చెప్పు. నీ తమాషాలకు ఇన్నేండ్లూ నవ్వింది ఆయనొక్కడే.”